పాత ఇంటి దూలాలతో లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద కూజాలు, గిన్నెలు తిప్పించాలి. ఏ కర్ర పనికొస్తుంది?

గోదారిగట్టు
కోనసీమలో మా తాతగారి మండువా లోగిలి విప్పేస్తున్నాం. గోడలు ఒరిగిపోయాయి, అన్నదమ్ములం ఎవరమూ అక్కడ ఉండటం లేదు. విప్పిన కలప పెరట్లో కుప్ప పోసి ఉంది. టేకు దూలాలు, స్తంభాలు, వేప ద్వారబంధాలు, తాటి వాసాలు, ఏ చెట్టువో తెలియని నల్లటి బరువైన అడ్డదూలాలు రెండు. పశువుల పాకలో పాత ఎడ్లబండి చక్రాలు కూడా ఉన్నాయి. కలప కొనే ఆయన వచ్చి పొడుగాటి టేకు వరకు ధర కట్టి, మిగతాదంతా వంటచెరుకు అనేశాడు. ఆ మాటకి మాత్రం నాకు మనసొప్పలేదు.

తోబుట్టువులం నలుగురం. తలా ఒకటి రెండు అలంకార పాత్రలు, అంటే కూజా, గిన్నె, కుంకుమ భరిణె లాంటివి, ఆ ఇంటి కర్రతోనే చేయించుకుంటే బాగుంటుందని నా ఆశ. మా ఊరి వడ్రంగి "మంచం కోళ్లు తిప్పుతాం గానీ గిన్నెలు మా వల్ల కాదు" అంటున్నాడు. ఇది అయ్యే పనేనా? ఎంత పాత కర్రయినా ఆగుతుందా?

చేవకర్ర
అవుతుంది. ముందు కొలతలు పెట్టండి. దూలం ఎంత మందం, చివర్లు ఎలా ఉన్నాయి, పగుళ్లు ఎంత లోపలికి వెళ్లాయి?

గోదారిగట్టు
దూలాలు ఆరు అంగుళాలకు అయిదు. స్తంభాలు గుండ్రం, అడుగున ఏడు అంగుళాలు ఉండొచ్చు. గోడలో ఉన్న చివరలకు చెద తిన్నది, నడుం గట్టిగానే ఉంది. నల్ల దూలాలు నాలుగు అంగుళాల చదరం, ఇద్దరు కలిసి ఎత్తాల్సిందే.

అమలాపురం_బుల్లోడు
మండువా లోగిలి ఫొటో ఒక్కటైనా పెట్టండి గురువుగారూ. విప్పకముందు తీసి ఉంటారుగా.

చేవకర్ర
@గోదారిగట్టు మీ వడ్రంగి చెప్పింది నిజమే, కానీ సగమే. మంచం కోడు తిప్పేటప్పుడు కర్రను రెండు మొనల మధ్య బిగిస్తారు, కర్ర నార పొడుగు వెంట ఉంటుంది. గిన్నె తిప్పాలంటే కర్రను ఒకవైపే ఫేస్‌ప్లేట్ అనే పలకకో చక్ అనే బిగింపుకో పట్టించి, రెండో వైపు నుంచి లోపల తొలవాలి. నార అడ్డంగా ఉంటుంది కాబట్టి ప్రతి చుట్టులో రెండు చోట్ల ఉలి నారకు ఎదురు పోతుంది, అక్కడ పీచు లేస్తుంది. ఆ పనికి వేరే ఉలి కావాలి, వేరే అలవాటు కావాలి.

మీ కొలతలకి నేనైతే గిన్నెల జోలికి తక్కువ వెళ్తాను. ఆరుకి అయిదు దూలంలో గిన్నె ఆరు అంగుళాలు దాటదు. అదే దూలాన్ని నిలువుగా పెడితే పది, పన్నెండు అంగుళాల ఎత్తు కూజా వస్తుంది. ఎండు పూలు, రెల్లు దుబ్బులు పెట్టుకునే కూజా అయితే లోపల తొలవక్కర్లేదు. నడిమధ్య డ్రిల్‌తో ఒక రంధ్రం చాలు. అది మీ వడ్రంగి ఇప్పుడున్న లేత్ మీదే చేయగలడు. బయటి ఆకారం మంచం కోడంత సులువు. పైగా ఆయన చెయ్యి పొట్ట, మెడ, పెదవి తిప్పడంలో ఆరితేరి ఉంటుంది.

ఒక జాగ్రత్త ఉంది. దూలం అడ్డకోతలో చెట్టు నడిమి బెండు కనబడితే ఆ భాగం వదిలేయండి. పగుళ్లు అక్కడినుంచే పుడతాయి.

పాత కర్రలో గొప్ప సుగుణం ఏమిటంటే అది ఎప్పుడో ఆరిపోయింది. పచ్చి మొద్దుతో గిన్నె చేస్తే ముందు మందంగా తిప్పాలి. పది అంగుళాల గిన్నెకు అంగుళం గోడ వదిలి, మైనం పూసి నెలల తరబడి ఆరబెట్టి, వంకర తిరిగాక మళ్లీ లేత్ ఎక్కించాలి. మీకు ఆ బాధ లేదు. ఒకే ఊపులో పూర్తి చేయొచ్చు.

ఓరుగల్లు_రాజు
నాది వేరే మాట. చేవకర్ర గారి పనితనం మీద గౌరవంతోనే అంటున్నా. మంచి టేకు దూలాన్ని లేత్ మీద పెడితే ముప్పాతిక భాగం పొట్టుగా నేల మీద పడుతది. అదే దూలాన్ని కోయిస్తే కిటికీ రెక్కలు, పూజ గది తలుపు, బల్ల వస్తాయి. చెట్టు అన్నేళ్లు పెరిగి, మళ్లీ ఇంట్లో అన్నేళ్లు నిలబడ్డది అలమారాలో బొమ్మ కావడానికా? మా ఇల్లు విప్పినప్పుడు దూలాలన్నీ కొత్త ఇంటి తలుపులైనయి. రోజూ చేత్తో ముట్టుకుంటున్నం.

డల్లాస్_వడ్రంగి
+1 రాజు గారికి, కొంతవరకు. నిడివి ఉన్న మంచి కర్రని పాత్రల కోసం ముక్కలు చేయొద్దు. కానీ ప్రతి దూలానికీ తలుపుకి పనికిరాని చివర ఉంటుంది కదా.

చేవకర్ర
అదే చెప్పబోతున్నాను. రాజు గారు అన్నదాంతో నాకు తగాదా లేదు. లేత్ మీదికి వెళ్లాల్సినవి మూడే రకాలు: కూసం (ఇంకో కర్ర చివర చెక్కిన మొన) దూర్చడానికి తొలిచిన రంధ్రాలున్న ముక్కలు, గోడలోంచి బయటపడ్డ అడుగు అడుగున్నర తుంటలు, నిలువునా చీలిన స్తంభాలు. కోత మిల్లులో వీటిని పక్కన పారేస్తారు. గోదారిగట్టు గారిని కలప ఆయన వంటచెరుకు అన్నది కూడా వీటినే.

కూసం రంధ్రం ఉన్న ముక్కతో కూజా తిప్పితే ఆ చదరపు కన్నం కూజా పొట్ట మీద కిటికీలా నిలబడుతుంది. దాన్ని పూడ్చకండి. ఆ కర్ర ఒకప్పుడు ఇంటిని మోసిందని చెప్పేది అదే.

ఓరుగల్లు_రాజు
గట్లయితే నాకు అభ్యంతరం లేదు. తుంటలకు నేనూ ఓటేస్తా.

అరుగుమీద
ద్వారబంధాల సంగతి ఎవరూ మాట్లాడలేదు. గోదారిగట్టు గారూ, అందులో సింహద్వారం గడప కూడా ఉందా? ఉంటే దాన్ని మాత్రం లేత్ ఎక్కించకండి. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప అది, కోడళ్లు కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది దాని మీదుగానే. మా పుట్టింటి గడపని మా అన్నయ్య ఫ్లాట్‌లో పూజ గది గుమ్మానికి వాడారు. పొడుగు తగ్గించారంతే.

బెజవాడ_బ్యాచిలర్
గడప అయినా వేప చెక్కే కదండీ. భరిణె చేసి కుంకుమ పెట్టుకుంటే అంతకన్నా మర్యాద ఏముంటుంది?

అరుగుమీద
మీ ఇంట్లో మీ ఇష్టం బాబూ. కాలు తగిలితే కళ్లకద్దుకున్న చెక్కని తొలవాలంటే నాకు చెయ్యి రాదు.

గోదారిగట్టు
గడప ఉంది. మా చెల్లెలు కూడా అచ్చం అరుగుమీద గారి మాటే అంది. తమ్ముడి ఇంటి పూజ గదికి వెళ్తుంది, ఆ విషయం తేలిపోయింది. గడపకి ఇరువైపులా నిలిచిన కమ్ముల అడుగు ముక్కలు మాత్రం తీసుకోవచ్చా?

అరుగుమీద
తీసుకోండి. దానికి నేను అడ్డు చెప్పను.

చేవకర్ర
వేప కమ్ములకు పాత రంగు ఉందా? ఉంటే గరుకు కాగితంతో పొడిగా రుద్దొద్దు. పాత ఇళ్ల ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నియమం 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. రంగున్న పైపొరను రంపంతో పలకగా కోసి తీసేయడం మేలు. పిల్లలు ఆడే చోట ఆ పొట్టు పడనీయకండి, పొయ్యిలో కాల్చకండి.

దుమ్ము సంగతి కూడా ఇక్కడే చెప్తాను. కర్ర దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, పెట్టింది. పాత కర్ర ఎండి ఉంటుంది కాబట్టి దుమ్ము ఇంకా సన్నగా లేస్తుంది. మెడలో తువ్వాలు చాలదు, సరైన మాస్కు కావాలి.

రసాయనం_మాస్టారు
మేకుల గురించి నేను చెప్తాను. పాత దూలంలో మేకు ఉన్న చోట చుట్టూ నీలం కలిసిన నల్లటి మచ్చ చూసే ఉంటారు. కర్రలోని టానిన్ (వగరు పదార్థం), ఇనుము, తేమ కలిస్తే వచ్చే రంగు అది. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపి సిరా చేసుకున్నదీ, శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన కసీం రాసి నలుపు తెచ్చేదీ ఈ చర్యతోనే.

మచ్చ వద్దనుకుంటే ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కరిగించి పూస్తే చాలావరకు పోతుంది. అది విషం. చేతి తొడుగులు వేసుకుని, తర్వాత నీళ్లతో బాగా కడగాలి.

నా సలహా మాత్రం ఉంచెయ్యమనే. ఇంకో అడుగు ముందుకేసి, తుమ్మ కర్రతో పాత్ర చేస్తే అన్నభేది ద్రావణం పూసి చూడండి. తుమ్మ బెరడు, కాయలతో తోళ్లు పదును చేసేవారంటే అందులో టానిన్ ఎంతో ఊహించుకోండి. కళ్లముందే నల్లబడుతుంది. రంగు పూసినట్టు పైపైన కాక నార కనబడుతూనే నల్లగా ఉంటుంది.

బెజవాడ_బ్యాచిలర్
మాస్టారూ, ఇదే పాఠం మాకు తొమ్మిదో తరగతిలో ఇలా చెప్పి ఉంటే కెమిస్ట్రీ అంటే టెన్షన్ ఉండేది కాదు.

డల్లాస్_వడ్రంగి
మేకుల కోసం దారానికి మంచి అయస్కాంతం కట్టి దూలం పొడుగునా ఊపండి, మేకు ఉన్న చోట లాగుతుంది. లోతుగా ఉన్నవాటికి చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్ దొరుకుతుంది. ఇత్తడి చీలలకు అయస్కాంతం పలకదు, డిటెక్టరే దిక్కు. తిరుగుతున్న కర్రలో ఉలి మేకుకు తగిలితే ఉలి అంచు పోవడం చిన్న నష్టం, ముక్క ఎగిరి ముఖానికి తగలడం పెద్దది. ముఖం మొత్తం కప్పే షీల్డ్ లేకుండా లేత్ స్విచ్ వేయొద్దు.

వేగానికి మేం వాడే లెక్క ఒకటుంది. పాత్ర వ్యాసం అంగుళాల్లో తీసుకుని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు)తో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. ఎనిమిది అంగుళాల గిన్నెకు 750 నుంచి 1125. ముక్క ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు ఇంకా తగ్గించి మొదలుపెట్టాలి.

ఇక్కడ టెక్సస్‌లో మాకు ప్రాణం మెస్కీట్ కర్ర. ముదురు ఎరుపు గోధుమ రంగు, పగుళ్లలో నీలి రాళ్ల పొడి నింపి గిన్నెలు చేస్తారు, మంచి ధర పలుకుతాయి. మన ఊళ్లలో కంప అని తిట్టుకునే సర్కారు తుమ్మ దీనికి దగ్గరి చుట్టం, రెండూ ఒకే జాతి చెట్లే. మెస్కీట్ ఆరేటప్పుడు అన్ని వైపులా ఇంచుమించు సమానంగా కుదించుకుంటుంది, అందుకే వంకర తక్కువ. మన దగ్గర బొగ్గు బట్టీలకు పోయే ముదురు సర్కారు తుమ్మ మొదళ్లను ఎవరైనా లేత్ మీద పెట్టి చూశారా?

అనంత_నేల
పెట్టాను. లావు మొదలు దొరకడమే కష్టం, దొరికితే చేవ బంగారం. ఉలి తరచూ నూరుకోవాలి. తెల్లని పైభాగం మాత్రం పురుగు పట్టకముందే తీసేయాలి. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఫొటోలు పెడతాను.

వరాహ_ఒడ్డు
మాది ఏటికొప్పాక పక్క ఊరు, ఇంట్లో లక్క పని ఉంది. ఒక విషయం చెప్పాలి. చాలామంది పాత టేకు తెచ్చి "దీనికి ఏటికొప్పాక రంగులు వేయండి" అంటారు. మేం బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నటి నారతో ఉంటుంది. లేత్ తిరుగుతుండగా లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి ఒకేలా పరుచుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. టేకుకి రంధ్రాలు పెద్దవి, నూనె ఎక్కువ. లక్క అంత సమంగా పట్టదు. పట్టినా, అన్నేళ్ల టేకు నారని పసుపు రంగు కింద దాచేయడం ఎందుకు?

దారి ఉంది. పాత్ర టేకుదే ఉంచి, మూత మీద మొగ్గో, మెడలో కట్టో అంకుడుతో తిప్పి లక్క వేయించండి. రెండు కర్రలూ ఒకదానికొకటి అందం తెస్తాయి. పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులతో చేసేవాళ్లు ఉన్నారు. సహజ రంగుల పనికి మా ఏటికొప్పాక సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది.

గోదారిగట్టు
@వరాహ_ఒడ్డు మూత ఆలోచన చాలా బాగుంది. భరిణెలకు అదే చేయిస్తాను.

నల్ల దూలాల సంగతి ఎవరైనా చెప్పగలరా? అడ్డంగా కోసి చూశాను. ముదురు గోధుమ రంగు, మధ్యలో నల్ల చారలు. రంపం పళ్లు మొద్దుబారిపోయాయి.

మన్యం_మాజీ
చారలు, బరువు, రంపం పాడవడం చూస్తే నల్లమద్ది అనిపిస్తోంది. తూర్పు కనుమల అడవుల్లో విరివిగా ఉండే చెట్టు, బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. గోదావరి మీద తెప్పలు కట్టి కలప రాజమండ్రికి దింపే రోజుల్లో టేకుతో పాటు ఇలాంటివి కూడా వచ్చేవి. ఫొటో చూడకుండా తేల్చి చెప్పను.

ఏగిస అనే ఇంకో అడవి చెట్టు కాదని నిర్ధారించుకోవాలంటే తేలిక పరీక్ష ఉంది. చిన్న పేళ్లు గాజు గ్లాసు నీళ్లలో వేసి వెలుతురులో చూడండి. ఏగిస అయితే నీళ్లు నీలంగా మెరుస్తాయి. షుగరు తగ్గుతుందని సంతల్లో అమ్మే చెక్క గ్లాసులు దానితో తిప్పినవే. ఆ గ్లాసు నీళ్లు నమ్ముకుని మందులు మానేయకండి, అది వేరే సంగతి.

నల్లమద్ది నార ఎదురెదురుగా అల్లుకుని ఉంటుంది. పలచగా తొలవాలని చూడకండి. గోడ మందంగా ఉంచి బరువైన పాత్రగా చేయించండి. పాలిష్ పడ్డాక ఆ చారల ముందు ఏదీ నిలవదు.

చేవకర్ర
మన్యం_మాజీ గారి మాటే నాదీ. నల్లమద్దికి ఉలి ప్రతి రెండు మూడు నిమిషాలకీ నూరాల్సి వస్తుంది. టేకు కూడా తక్కువది కాదు, అందులో ఇసుక గుణం ఉంది కాబట్టి మెత్తగా తెగుతూనే అంచు తినేస్తుంది. మామూలు కార్బన్ ఉక్కు ఉలి కాకుండా హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ఉలి వాడమని మీ వడ్రంగికి చెప్పండి. పగుళ్లలో చేరిన సున్నం, ఇసుక ముందే వైర్ బ్రష్‌తో దులపాలి.

అమలాపురం_బుల్లోడు
తాటి వాసాలతో ఏమైనా అవుతుందా? మా ఇంట్లో గుట్టలు ఉన్నాయి.

చేవకర్ర
నల్లటి పై చేవ చూడటానికి అందంగానే ఉంటుంది, లేత్ మీద మాత్రం నారలు విడిపోయి సూదుల్లా గుచ్చుకుంటాయి. గోడకు తగిలించే పలకలుగా వాడుకోండి.

సింహాచలం_మెట్టు
బండి చక్రాల గురించి ఎవరూ అనలేదేం? మొత్తం కుప్పలో నా కన్ను దాని మీదే. ఇరుసు దూరే నడిమి కుండ చూడండి, ఎప్పుడో ఒకసారి గుండ్రంగా తిప్పి పెట్టిన ముక్కే అది, మధ్యలో కన్నం కూడా ఉంది. చక్రం ఆకులు (కుండ నుంచి అంచుకి వెళ్లే కర్రలు) దిగిన గుంటలు చుట్టూ వరసగా ఉంటాయి. ఇనుప కట్లు తీసి, పైపొర సన్నగా తీసి, అడుగున ఒక పలక బిగిస్తే అదే కూజా. మా విశాఖలో 2014 హుద్‌హుద్ తుఫానుకి పడిన చెట్ల మొద్దులతో బోలెడు గిన్నెలు చేశాను గానీ, బండి కుండతో చేసిన కూజాని చూసి ఆగనివాళ్లు లేరు.

ఓరుగల్లు_రాజు
ఇది మాత్రం అద్భుతం. బండికుండకి వేరే ఉపయోగం కూడా లేదు.

గోదారిగట్టు
తమ్ముడికి ఈ పోస్టు పంపాను. రెండు చక్రాలూ దాచమని వెంటనే ఫోన్ చేశాడు! అక్కయ్య అమెరికాలో ఉంటుంది, ఆవిడకి పంపేటప్పుడు ఇబ్బంది ఉంటుందా?

డల్లాస్_వడ్రంగి
టేకు, వేప, మద్దికి భయం లేదు. విమానాశ్రయంలో చెక్క వస్తువు ఉందని డిక్లేర్ చేయాలి. పురుగు కన్నాలు, బెరడు ఉన్న ముక్క పంపొద్దు. జిట్టేగి (రోజ్‌వుడ్) అయితే సైట్స్ అనే అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. తయారైన వస్తువులు పది కిలోల లోపు అయితే మినహాయింపు ఉంది, అయినా బయల్దేరే ముందు తాజా నియమాలు చూసుకోండి. ఎర్రచందనం ముక్క ఏదైనా బయటపడితే కాగితాలు లేకుండా ఊరు కూడా దాటించకండి.

అసలు ఇబ్బంది వాతావరణంతో. కోనసీమ గాలి తేమకు అలవాటు పడిన కర్ర ఇక్కడ శీతాకాలం హీటర్ వేసిన ఇంట్లోకి వస్తే ఇంకా ఆరి కుదించుకుంటుంది. అక్కయ్యగారికి పంపేదానికి గోడ మందం అంతటా ఒకేలా ఉండాలి. అడుగు మందంగా, పైన పలచగా ఉంటే చీలుతుంది. ఆవిడ భరిణె మూత కొంచెం వదులుగా చేయించండి. బిగుతు మూత ఇక్కడ ఇరుక్కుపోతుంది.

మన్యం_మాజీ
ఊరు దాటించడం అన్నారు కాబట్టి చెప్తున్నా. పాత ఇంటి కలపే అయినా, టేకు దూలాలు బండి మీద వేస్తే దారిలో ఆపి అడగొచ్చు. ఇల్లు విప్పినట్టు పంచాయతీ నుంచి కాగితం, విప్పకముందు ఫొటోలు దగ్గర ఉంచుకోండి. ఎత్తే ముందు మీ అటవీ శాఖ రేంజి ఆఫీసులో ఒకసారి అడగండి.

గోదారిగట్టు
వడ్రంగితో మాట్లాడాను. డ్రిల్ కూజాల సంగతి చెప్తే "అలా అయితే రేపే మొదలెడదాం" అన్నాడు. ముందు చెద తిన్న తుంటల్లో గట్టి భాగంతో రెండు, తర్వాత కూసం కన్నం ఉన్న ముక్క. నల్లమద్ది, బండికుండ సింహాచలం_మెట్టు గారికి పంపుతాను, ఆయన ఒప్పుకున్నారు. పొడుగు దూలాలు అమ్మడం లేదు, తలుపులకు కోయిస్తున్నాం. ఇక పైన ఏం పూయాలి?

వరాహ_ఒడ్డు
అలంకారానికే కాబట్టి స్పిరిట్‌లో కరిగించిన చపడా లక్క (షెలాక్), పలచగా అయిదారు పూతలు. ప్రతి పూతా ఆరాక మెత్తటి గుడ్డతో రుద్దాలి. పాత దూలం పగుళ్లలో లక్క కరిగించి నింపితే కర్రతో కలిసిపోతుంది.

చేవకర్ర
టేకు అయితే పూతకి ముందు థిన్నర్‌తో ఒకసారి తుడవండి, పైన ఉన్న నూనె పోతుంది. అది ఆరిన వెంటనే మొదటి పూత వేయాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకొస్తుంది. మెరుపు వద్దనుకుంటే చివర్లో తేనెమైనం రుద్దించండి. చెద తిన్న తుంటలని ఎక్కించే ముందు సుత్తితో తట్టి చూడండి. బోలుగా మోగిన చోట కోసి పారేయండి, గట్టి చోటే మొన బిగించాలి.